గడప లోతు అర మిల్లీమీటరు: మా అవ్వగారి ఊరి స్టేషన్ బొమ్మ కడుతున్న డైరీ

జూన్ 8, ఆదివారం

యలహంకలో మా ఇంటి డైనింగ్ టేబుల్లో సగం ఇవాళ్టి నుంచి రైల్వే వాళ్లది. మిగతా సగంలో ముగ్గురం తినాలి. మా ఆయన ఏమీ అనలేదు, కంచం తీసుకుని సోఫాలోకి వెళ్లిపోయాడు. అంటే అన్నట్టే లెక్క.

కట్టబోయేది మా అవ్వగారి ఊరి స్టేషన్. ధర్మవరం-పాకాల లైనులో ఒక చిన్న పల్లె స్టేషన్, ఎక్స్‌ప్రెస్‌లు ఆగనిది. ఊరి పేరు మాత్రం రాయను. పాత బిల్డింగు ఇంకా సగం నిలబడి ఉంది, పేరు రాస్తే రీల్స్ తీసుకోడానికి జనం బయల్దేరతారు, ఆ కప్పు కింద నిలబడటం క్షేమం కాదు. మా తాత అక్కడ పాయింట్స్‌మన్, అంటే బండి ఏ పట్టా మీదికి పోవాలో దానికి తగ్గట్టు పట్టాలు మార్చే మనిషి. అమ్మ, మామ ఆ స్టేషన్ వెనక క్వార్టర్లోనే పుట్టి పెరిగారు. మామకి ఈ సెప్టెంబరులో డెబ్బై నిండుతాయి, ఆ రోజుకి ఈ బొమ్మ చేతిలో పెట్టాలి. ఇదీ ప్లాను.

స్కేలు దగ్గర రెండు రోజులు కొట్టుకున్నాను. బొమ్మ రైళ్లు కట్టేవాళ్లు ఎక్కువగా 1:87, అంటే అసలుదాంట్లో 87వ వంతు, వాడతారు, ఆ లెక్కలో మీటరు గేజి పట్టాల మధ్య దూరం 12 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ వస్తుంది. కానీ నాకు రైలు నడపాలని లేదు, స్టేషన్ కనపడాలి. ఆర్కిటెక్చర్ పిల్లలు వాడే 1:50 తీసుకున్నాను. మీటరంటే రెండు సెంటీమీటర్లు, నోటితో లెక్క కట్టుకోవచ్చు. వెయ్యి మిల్లీమీటర్ల గేజి కచ్చితంగా 20 మిల్లీమీటర్లవుతుంది.

జూన్ 15, ఆదివారం

కొలతలకి వెళ్లొచ్చాం. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరి, బాగేపల్లి దాటి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర కుడివైపు తిరిగి, గోరంట్ల మీదుగా. ఎనిమిదిన్నరకల్లా స్టేషన్‌లో ఉన్నాం. డ్యూటీలో ఉన్న స్టేషన్ మాస్టరు గారిని అడిగితే, పట్టాల వైపు వెళ్లొద్దు, లోపల కప్పు ఊడిన గదిలోకి అసలే పోవద్దు, మిగతాది మీ ఇష్టం అన్నారు. పైగా ఆయనే టీ తెప్పించారు. అంతకు ముందు పాత డ్రాయింగులు ఉంటాయేమోనని ఒక ఆఫీసుకి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. నేరుగా వస్తే పనయింది.

ఈ లైను గురించి రెండు మాటలు చెప్పకపోతే తర్వాత రాసేది అర్థం కాదు. 1876-78 నాటి కరువు, మన వైపు పెద్దవాళ్లు ధాత కరువు అనేది, రాయలసీమని ఊడ్చేసింది. ధాన్యం ఒకచోట ఉన్నా ఇంకోచోటికి చేర్చే దారి లేక జనం చచ్చిపోయారని తేలాక, 1880 నాటి కరువు కమిషన్ కరువు ప్రాంతాలకి రైళ్లు వేయమని గట్టిగా చెప్పింది. ఆ తర్వాత 1890ల మొదట్లో సౌత్ ఇండియన్ రైల్వే వాళ్లు విల్లుపురం నుంచి పాకాల మీదుగా ధర్మవరం దాకా వేసిన మీటరు గేజి లైనులోదే ఈ ముక్క. పాకాల నుంచి ధర్మవరం దాకా 220 కిలోమీటర్లకి పైగా ఉంటుంది. వందేళ్లు దాటాక, ఓ పదిహేనేళ్ల కింద పట్టాలు వెడల్పు చేసి బ్రాడ్‌గేజి చేశారు. అప్పుడు పక్కన కొత్త బిల్డింగు వచ్చింది, పాతది అలా మిగిలిపోయింది.

ఇక కొలతలు. పొడవు 12.4 మీటర్లు, గదుల వెడల్పు 5.6, ముందు వరండా 2.4. గోడ మందం 45 సెంటీమీటర్లు, అంతా రాయి. మూడే గదులు: టికెట్ల గది, మాస్టరు గది, చివర దీపాల గది. పక్కింటి సివిల్ ఇంజినీరు ఇచ్చిన లేజర్ మీటరు ఎండలో పనికిరాలేదు, ఎర్ర చుక్క ఎక్కడ పడిందో కనపడితేగా. చివరికి టేపే దిక్కయింది. మా పాప ఒక కొస పట్టుకుంది, కొలత చెప్పినప్పుడల్లా కన్నడంలో తిరిగి అప్పజెప్పింది.

పైకప్పు కొస ఎత్తు కొలిచే మార్గం లేదు. దానికి ఒక ఉపాయం ఉంది: అర అడుగుకో రంగు వేసిన మీటరు కర్రని గోడకి ఆనించి, వీలైనంత దూరం నుంచి ఫొటో తీసుకోవడం, ఇంటికొచ్చాక ఫొటోలో కర్రని బట్టి మిగతాది కొలుచుకోవడం. రాళ్ల వరసలు కూడా లెక్కపెట్టుకున్నాను, 14 వచ్చాయి. రెండూ నాలుగు సెంటీమీటర్ల తేడాతో సరిపోయాయి.

వరండాకి నాలుగు రాతి స్తంభాలు. మాస్టరు గది తలుపుకి అటూ ఇటూ ఉన్న రెండు స్తంభాలకీ ఇనప కొక్కేలు. ఒకదానికి దీపం, ఒకదానికి గంట అని అమ్మ ఫోన్లో చెప్పింది. ఏది దేనికి అంటే, "నాకేం గుర్తు, నేను ఆడుకుంటా ఉంటిని" అంది. గంటంటే నిజం గంట కాదు, మూరెడు రైలు పట్టా ముక్క. పక్క స్టేషన్‌లో బండి బయల్దేరిందని తెలిస్తే ఇనప కడ్డీతో దాన్ని కొట్టేవాళ్లు. అది విని ఊళ్లో వాళ్లు ఇళ్ల నుంచి బయల్దేరేవాళ్లట.

వచ్చేముందు టికెట్ల గది గడప దగ్గర పాప జారిపడబోయింది. వంగి చూస్తే గడప రాయి మధ్యలో పళ్లెంలా అరిగి ఉంది. ఈ కొస నుంచి ఆ కొసకి దారం లాగి పట్టి, మధ్యలో స్కేలు దించాను. 22 మిల్లీమీటర్లు.

జూన్ 22, ఆదివారం

ఈసారి ఊరికే చూడటానికి. యలహంక నుంచి చిక్కబళ్లాపురం పాసింజరెక్కి నంది హాల్ట్‌లో దిగాం. మా ఇంటి దగ్గర్లోనే ఇంత ఉందని ఇన్నేళ్లు తెలియదు, సిగ్గుగా ఉంది. ఇది 1915లో వచ్చిన బెంగళూరు-చిక్కబళ్లాపురం లైటు రైల్వే దారి, అప్పట్లో నారో గేజి, 762 మిల్లీమీటర్లు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు మైసూరు దివానుగా ఉన్న కాలం. ఆయన పుట్టిన ముద్దేనహళ్లి ఇక్కడికి పక్కనే. ఇదే దారిలో దొడ్డజాల, దేవనహళ్లి, ఆవతిహళ్లి, నంది హాల్ట్ పాత స్టేషన్లని, పాత కట్టడాలని కాపాడే సంస్థ ఇంటాక్ బెంగళూరు వాళ్లు రైల్వేతో మాట్లాడుకుని బాగు చేయించారు. మధ్యలో ఎయిర్‌పోర్టు కోసం 2021లో పెట్టిన కొత్త హాల్టు కూడా వస్తుంది. కిటికీలోంచి రెండు కాలాలూ పది నిమిషాల తేడాతో కనపడతాయి.

నేను వెళ్లింది పెంకుల కప్పు ఎలా కూర్చుంటుందో కింది నుంచి చూడటానికి. చూశాను, ముప్పై ఫొటోలు తీశాను. తిరుగు బండి కోసం చెట్టు కింద కూర్చుంటే పక్కన ఒక పెద్దాయన, చిక్కబళ్లాపురం వైపు మనిషి, తెలుగులో పలకరించాడు. ఈ జిల్లాలో చాలామంది ఇళ్లలో తెలుగే. ఫొటోలెందుకు తీస్తున్నావమ్మా అంటే చెప్పాను. "పాతదాన్ని బాగుచేసిరి, మంచిదే. బండ్లు ఇంకో రెండు ఆపితే ఇంకా మంచిది" అన్నాడు. నిజమే. జనం వచ్చిపోని స్టేషన్‌కి సున్నం ఎన్నిసార్లు కొట్టినా మళ్లీ బూజే పడుతుంది.

ఇంటికొచ్చాక మా ఆయనతో వాదన. వందేళ్లు దాటితే ప్రభుత్వం కాపాడుతుంది కదా అన్నాడు. కాపాడదు. 1958 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటడం జాబితాలో చేరడానికి అర్హత మాత్రమే, ఎవరో ఒకరు చేర్చాలి. మీటరు గేజిలో నీలగిరి రైలు 2005లో యునెస్కో జాబితాకెక్కింది, దానికి కొండలున్నాయి, పళ్ల చక్రం ఉంది, ఊటీ ఉంది. మా స్టేషన్‌కి చింతచెట్టు ఉంది.

జులై 6

గోడలు మొదలు. అవెన్యూ రోడ్డులో 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు, అంటే తేలికైన ఫోమ్ పలక, కొన్నాను. రెండు పలకలు అతికిస్తే 10, నాకు కావలసింది 9, పరవాలేదు అనుకున్నాను. రాళ్లు గీయడానికి ఇంకు అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్ని మించింది లేదు, ఇది రాసిపెట్టుకోండి. ముందు అడ్డగీతలు, 14 వరసలు. తర్వాత నిలువు గీతలు, ఒకదాని కింద ఒకటి పడకుండా. పైన చేత్తో నలిపిన ఫాయిల్ కాగితంతో అద్దితే రాతి గరుకు వస్తుంది.

ఒక్క గోడకి మూడు సాయంత్రాలు పట్టింది. రాయి రాయికీ గీస్తుంటే తెలిసిందేంటంటే, కిటికీల చుట్టూ ఉన్న రాళ్లు మాత్రం ఉలితో నున్నగా చెక్కినవి, మిగతావి ఎలా వచ్చినవి అలా పేర్చినవి. ఖర్చు పెట్టాల్సిన చోట పెట్టి, వద్దనుకున్న చోట మానేశారు. కొలిచినప్పుడు కూడా ఇది నా కంటికి ఆనలేదు.

జులై 13

ప్లాట్‌ఫాం కరిగిపోయింది. థర్మోకోల్‌తో చేసి, తొందరపడి స్ప్రే పెయింటు కొట్టాను. అందులోని సాల్వెంటు థర్మోకోల్‌ని తినేస్తుందని పదో తరగతి పిల్లలకి కూడా తెలుసట. పావుగంటలో మా ప్లాట్‌ఫాం చంద్రమండలంలా తయారైంది. మళ్లీ కట్టాలి, ఈసారి సన్‌బోర్డే, రంగు నీళ్లలో కలిపే అక్రిలిక్.

జులై 20, ఆదివారం

పెంకులు. ఈ ఎంట్రీ పొడుగవుతుంది, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

మంగళూరు పెంకుల ఫ్యాక్టరీ 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్లు మొదలుపెట్టారు. తర్వాత ఆ పెంకులు రైలెక్కి దక్షిణాది అంతా పాకాయి. చదరపు మీటరుకి సుమారు 15 పడతాయి. మా కప్పు రెండు వైపులా కలిపి 127 చదరపు మీటర్లు, అంటే 1,900 పెంకులు. ఒక్కోటి బయటికి కనపడేది 1:50లో 4 మిల్లీమీటర్ల వెడల్పు, 6.4 పొడవు.

మొదటి ప్రయత్నం: కొరియర్ పెట్టె అట్ట పై కాగితం ఒలిచి, లోపలి ముడతల అట్ట. రంగేసి పెడితే అచ్చం రేకుల షెడ్డు. పాప "గోడౌన్ బాగుందమ్మా" అంది. తీసేశాను.

రెండో ప్రయత్నం: ఒకతను త్రీడీ ప్రింటులో చేసిస్తానన్నాడు. నమూనా బాగానే వచ్చింది, కానీ ప్రతి పెంకూ పక్కదానిలాగే ఉంది. ఏ ఊళ్లో చూశాం అలాంటి కప్పు? ఒకటి జారుతుంది, ఒకటి కోతి తీసి పక్కన పెడుతుంది, ఒకటి నిరుడు మార్చినది కాబట్టి ఎర్రగా ఉంటుంది.

మూడోది, చివరికి కుదిరింది: పెళ్లి శుభలేఖల అట్ట. మా ఇంట్లో దానికి కొరత లేదు. 26.4 సెంటీమీటర్ల పట్టీలు ముప్పై కోసి, ప్రతి 4 మిల్లీమీటర్లకీ మొద్దు సూదితో గాడి నొక్కి, కింది అంచున కత్తెరతో చిన్న చిన్న గాట్లు పెట్టి, చూరు నుంచి పైకి ఒకదాని మీద ఒకటి అతికించుకుంటూ పోవడం. ఒక్కో పట్టీకి ఇరవై నిమిషాలు. పట్టీ వెనకవైపు బంగారు రంగు అక్షరాలు, వరుడి పేరు సగం, ముహూర్తం సగం. ఎన్ని పెళ్లిళ్లు ఈ కప్పు కిందికి వెళ్లాయో.

రంగు ఒకటే వేయలేదు. ఇటుక ఎరుపు, దాంట్లో కాస్త నలుపు, అక్కడక్కడ పాచి ఆకుపచ్చ. ఇంజన్ల బొగ్గు పొగ పట్టాల వైపు వాలుకే ఎక్కువ పట్టి ఉంటుందని ఆ వాలు కాస్త ముదురుగా చేశాను.

జులై 27

ఏ సంవత్సరంలో ఉంది ఈ స్టేషన్? పని ఆగిపోయింది దీని దగ్గరే.

ఇప్పుడున్నట్టు కడితే కప్పు సగం పోవాలి, గోడల సందుల్లో సిమెంటు ఉండాలి. సున్నంతో కట్టిన రాతి గోడకి తర్వాతెప్పుడో సిమెంటు పూశారు. సున్నం గోడలోని చెమ్మని బయటికి వదిలేస్తుంది, సిమెంటు వదలదు. చెమ్మ అటు పోలేక రాయిలోంచే దారి వెతుక్కుంటుంది, అందుకే సిమెంటు పక్కనున్న రాళ్లు పొరలు పొరలుగా రాలుతున్నాయి. జూన్‌లో గోరుతో గీకితే ఊడివచ్చింది. పోనీ కట్టిన కొత్తలో ఎలా ఉందో అలా కడదామా అంటే అప్పటి మనుషులెవరూ నాకు తెలియదు. ఎవరి కోసం?

మామకి పన్నెండు, పదమూడేళ్లున్నప్పటిది కట్టాలని తేల్చుకున్నాను. అంటే 1968. తాత డ్యూటీలో ఉన్నాడు, సిమెంటు ఇంకా రాలేదు, పొగ బండ్లు నడుస్తున్నాయి. కదిరి నరసింహస్వామి తేరుకి జనం విరగబడి ఎక్కేవాళ్లు, ఎండాకాలం కదిరి మల్లెల బుట్టలు, పంట చేతికొచ్చాక శనక్కాయల మూటలు. గూడ్సు షెడ్డు దగ్గర తూకం మిషన్ పెట్టాలి.

ఆగస్టు 10, ఆదివారం

సిగ్నల్. నిన్న మైసూరు రైలు మ్యూజియంకి వెళ్లొచ్చాం, కొలతల కన్నా ఆకారం కోసం. 1979లో పెట్టిన మ్యూజియం, మహారాణి సెలూన్ పెట్టె దగ్గరే పాప గంటసేపు ఆగిపోయింది.

పాత రెక్క సిగ్నల్ మనకి తెలిసిందే, రెక్క అడ్డంగా ఉంటే బండి ఆగాలి, కిందికి వాలితే రావచ్చు. రాత్రిపూట రెక్క వెనక కిరసనాయిలు దీపం, ముందు రంగు అద్దాలు. ఎస్పీ రోడ్డులో తెల్ల ఎల్ఈడీ తెచ్చి పెట్టి, ఆకుపచ్చ పారదర్శక కాగితం అంటించాను. వెలుగు బాగానే ఉంది, కానీ మామకి ఫొటో పంపితే "పెళ్లి సీరియల్ సెట్టు మాదిరి ఉండాది" అని మెసేజ్. తర్వాత తెలిసింది, ఆ అద్దం పగటి వెలుగులో చూస్తే నీలంగానే ఉంటుంది. వెనక మంట పసుపు కాబట్టి రెండూ కలిసి ఆకుపచ్చగా కనపడతాయి. ఎల్ఈడీ మార్చి పసుపు వెలుగుది పెట్టి, నీలం వైపు మొగ్గే కాగితం అంటించాను. ఆరేళ్ల పిల్లాడి జ్వరం రాత్రిలా మసకగా వెలుగుతోంది ఇప్పుడు. ఇదే కరెక్టు అన్నాడు మామ.

టోకెను వలయం కూడా చేశాను. సింగిల్ లైను కదా, రెండు స్టేషన్ల మధ్య ఒకే బండి ఉండాలి. రెండు చోట్లా ఉన్న పెట్టెలు తీగతో ముడిపడి ఉంటాయి. ఒక పెట్టెలోంచి టోకెను, అంటే ఒక ఇనప బంతి, బయటికి తీశారంటే, అది తిరిగి ఏదో ఒక పెట్టెలో పడేదాకా ఇంకోటి రాదు. ఆ బంతి డ్రైవరు చేతిలో ఉంటేనే బండి కదలాలి. ఆగని బండికి దాన్ని సంచిలో వేసి, పెద్ద వలయానికి కట్టి, చెయ్యెత్తి పట్టుకుని నిలబడితే ఇంజన్లో వాళ్లు చేతిని దూర్చి లాక్కుపోతారు. తాతకి కుడి మోచేతి దగ్గర ఎప్పుడూ కమిలే ఉండేదని అమ్మ చెప్పేది. పాడైన ఇయర్‌ఫోన్ తీగలోంచి రాగి పోగు తీసి చుట్టాను.

ఆగస్టు 17, ఆదివారం

గడప. 22 మిల్లీమీటర్లని యాభైతో భాగిస్తే 0.44. అర మిల్లీమీటరు కూడా లేదు. చూసేవాళ్లలో ఎవరికీ కనపడదు, మానేయొచ్చు. కానీ ఆ బిల్డింగులో జనం చేసిన పని అదొక్కటే, మిగతాదంతా మేస్త్రీలు చేశారు.

ఇంకో చిక్కు. 22 ఇప్పటి లోతు. 1968లో ఎంత? ఏళ్ల లెక్కన పంచితే పదమూడో, పద్నాలుగో రావాలి. మామకి ఫోన్ చేశాను.

"అట్ల పంచేదానికి కాదు పాపా. బస్సులు తిరగబట్టినాంక స్టేషన్‌కి ఎవురొచ్చిరి? అరిగిందంతా ముందరే అరిగింది. మేము చిన్నపిల్లోళ్లుగా ఉన్నప్పుడే వాన పడితే దాంట్లో నీళ్లు నిలిచేవి, కాగితం పడవ పెట్టేవాళ్లం."

సరే, 0.44. గడప కోసం సన్‌బోర్డు ముక్క వద్దనుకున్నాను, కడప బండ నాపరాయి ముక్క మా అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర విరిగినది ఉంటే దాంట్లోంచి 24 మిల్లీమీటర్ల పొడుగున అరగదీశాను. నీటి ఉప్పు కాగితం, 400 నంబరు, బొటనవేలికి చుట్టి మధ్యలో రుద్దడమే. రెండు గంటలు. వేలి చర్మం పోయింది. ముక్కని పక్కకి తిప్పి దీపానికి అడ్డంగా పట్టుకుంటే నీడ వంగి కనపడింది. పడవ మాత్రం చేయలేదు, ఆశ ఉంది.

ఆగస్టు 31, ఆదివారం

మామ ముందే వచ్చేశాడు. కంటి పరీక్షకని శుక్రవారం కదిరి నుంచి బస్సు దిగాడు, బొమ్మ దాచే వ్యవధి కూడా లేదు. టేబుల్ మీద కప్పిన దుప్పటి ఆయనే తీశాడు.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కుర్చీ లాక్కుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, వరండా ఎత్తుకి తల వంచి చూశాడు. తర్వాత వేలు పెట్టి చూపించాడు.

"గంట ఆ పక్క యాడిది? ఈ పక్క కదా."

ఫొటో చూసే పెట్టాను మామా అన్నాను. మా దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఫొటో, యూనిఫారంలో తాత, వెనక మాస్టరు గది తలుపు, పక్క స్తంభానికి గంట. ఫోన్లో తీసి చూపించాను. మామ దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూసి నవ్వాడు. "మీ తాత చొక్కాకి జేబు కుడిపక్క యాడుండాది పాపా?"

నిజమే. జేబు కుడి రొమ్ము మీద ఉంది. ఎప్పుడో నెగెటివ్ నుంచి స్కాన్ చేయించినప్పుడు తిరగబడింది, ఇన్నేళ్లుగా మేమంతా తాతని అద్దంలో చూస్తున్నాం.

గంట ఇటు రావాలి, దీపం అటు పోవాలి. కొక్కేలు రెండూ ఫెవిక్విక్‌తో అతికించి ఉన్నాయి. బ్లేడు కొసతో గీరుతున్నాను, మామ ఫోన్ టార్చి పట్టుకున్నాడు, పాప కింద చెయ్యి దోసిలిగా పెట్టి కూర్చుంది, గంట ఊడి పడితే పట్టుకోడానికి.

"నిదానంగా" అంటున్నాడు మామ. "బండి ఇంకా ముందు స్టేషన్‌లోనే ఉండాదిలే."

దీపం వచ్చేసింది. గంట ఇంకా రాలేదు.